కొట్టానికి సున్నం కొట్టించిన వారం

పోయిన నెలలో ఒక ఆదివారం ఇద్దరు కుర్ర టీచర్లు ధర్మవరంలోని మా ఇంటికి వచ్చారు. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నేను పనిచేసిన హైస్కూలు వాళ్లు. బడి తరఫున ఒక సంచిక వేస్తున్నారట. 'మా బడిలో మాకు నచ్చింది' అని దానికి పేరు. పిల్లలూ తల్లిదండ్రులూ పాతకాలం పంతుళ్లూ తలా రెండు పేజీలు రాయాలి. "మీరు రాయకపోతే ఎట్ల సార్, మీ పేరు మా బడి చరిత్రలోనే ఉండాది" అంటూ ఇద్దరిలో చిన్నవాడు సంచిలోంచి ఒక జిరాక్సు కాగితం తీసి నా చేతిలో పెట్టాడు.

అది ఆ బడి తనిఖీ పుస్తకంలోని ఒక పేజీ. విద్యాధికారి ఇంగ్లీషులో రాసిన ఏడెనిమిది వాక్యాలు. దూరపు పల్లెల పిల్లల కోసం బడి వెనక కొట్టంలో బసా భోజనమూ ఏర్పాటు చేసిన ఉపాధ్యాయుడు ఫలానా, ఇతర పాఠశాలలకు ఆదర్శం అని ఒక వాక్యం. ఆ ఫలానా నేను. ఆ పేజీని సంచికలో మొట్టమొదటనే అచ్చు వేస్తారట. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. సంతోషం పట్టలేకపోయాననుకున్నారు పాపం. కాఫీ తాగి, దండం పెట్టి వెళ్లిపోయారు.

రాస్తానని మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను. కొత్తగా సుద్దముక్క పట్టిన మీరు కాస్త ఓపిక పట్టండి. ముసలి పంతుళ్లకు తమ గొప్పలు చెప్పుకునే జబ్బు ఒకటి ఉంటుంది. ఇందులో గొప్ప ఏమీ లేదు గనుక త్వరగానే అయిపోతుంది.

ఆ ఊరు హిందూపురానికీ పెనుకొండకూ నడుమ ఉంటుంది. ఆరు గదుల బడి, ముందు పొడుగాటి వసారా, వెనక ఒక రేకుల కొట్టం. బడి కట్టేటప్పుడు సిమెంటు మూటలు పెట్టుకోవడానికి ఆ కొట్టం వేశారు. తర్వాత దాన్ని పీకించాలని ఎవరికీ తోచలేదు. రొద్దం వైపు కొండల నడుమ ఉన్న ఒక పల్లె నుంచి మా బడికి ఆరుగురు పిల్లలు వచ్చేవారు. ఆ పల్లెకు బస్సు లేదు. రోజూ నడిచి వచ్చి పోయేంత దగ్గరా కాదు. అందుకని సోమవారం తెల్లవారుజామున బయల్దేరి వచ్చి, శనివారం ఒంటిపూట బడి కాగానే ఇంటికి పోయేవారు. వారమంతా ఆ కొట్టంలోనే కాపురం. వాళ్లకు తోడుగా ఒక అవ్వ ఉండేది.

ఆ ఆరుగురిలో ఒకతే ఆడపిల్ల. ఎస్సెల్సీ, అంటే హైస్కూలు ఆఖరి ఏడు, చదివేది. అవ్వ ఆ పిల్లకు సొంత అవ్వ, మిగిలిన అయిదుగురికి ఊరి వరసతో అవ్వ. పల్లెలో వాళ్లందరూ తలా ఇన్ని రాగులు పోసి, "నువ్వు పోయి పిల్లోల్లకు ఇంత సంగటి కెలికి పెట్టవ్వా, నీకు పుణ్యముంటాది" అని పంపించారు. ఆమె మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేసుకుంది. కొట్టం గోడలు ఏడాది తిరక్కుండానే నల్లబడ్డాయి.

ఆ అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ ఆమెకొక పద్ధతి ఉండేది. సాయంత్రం బడి వదిలాక పొయ్యి మీద ఎసరు పెట్టగానే పిల్లలందరూ వరసగా కూర్చుని పుస్తకాలు తీసి పైకి చదవాలి. ఎవరి పాఠం వాళ్లది, ఎవరి గొంతు వాళ్లది. ఆమె తెడ్డుతో సంగటి కెలుకుతూ అన్ని గొంతులూ వినేది. ఎవడైనా తడబడితే తెడ్డుతో కుండ అంచు మీద టక్కున కొట్టి, "ఒరేయ్, ఆడ ఎగరగొట్టినావు నువ్వు. మల్లా మొదల్నుంచి రా" అనేది. ఏం చదువుతున్నారో తెలియకపోయినా ఎక్కడ తడబడ్డారో తెలిసేది. లెక్కల సూత్రం తప్పు చెప్పినా పట్టేస్తుందని పిల్లలు అనేవారు. నేను నమ్మేవాణ్ణి కాదు, ఎంతైనా లెక్కల పంతుల్ని కదా. ఊళ్లో పిల్లలు కూడా సాయంత్రమయితే పుస్తకాలు చంకన పెట్టుకొని అక్కడికే చేరేవారు.

నాకు ఆ కొట్టమంటే మంట. ఎందుకో కూడా చెప్పాలి. మా నాయన ధర్మవరంలో మగ్గం నేసేవాడు. నేను హైస్కూలు చదివింది పెనుకొండలో, ఒక సత్రం అరుగు మీద మూడు రాళ్లు పెట్టుకొని వండుకుంటూ. ఆ పొగ వాసన నా చొక్కాకు అంటుకొని ఉండేది. క్లాసులో పక్కవాడు ముక్కు మూసుకునేవాడు. ఉద్యోగం వచ్చాక ఇస్త్రీ చొక్కా లేకుండా నేను గడప దాటింది లేదు. ఆ ఆరుగురూ నా క్లాసులోకి వస్తే అదే వాసన వచ్చేది. తెలిసిన వాసన కాబట్టే నాకు పడేది కాదు.

ఆ ఏడు దసరా సెలవులయ్యాక హెడ్మాస్టరు గారికి పై నుంచి ఒక కాగితం వచ్చింది. బడికి శాశ్వత గుర్తింపు ఇవ్వాలా వద్దా అని చూడడానికి విద్యాధికారి వస్తున్నారు. గదులూ రికార్డులూ చూడడం మామూలే. ఈయన మాత్రం ఒక కొత్త కోరిక కోరాడు. పిల్లల్నీ, పది మంది తల్లిదండ్రుల్నీ పిలిపించండి, మీ బడిలో వాళ్లకు నచ్చిందేమిటో వాళ్ల నోటనే వినాలి అని రాశాడు.

మా హెడ్మాస్టరు గారిది రొళ్ల వైపు. రిటైరవడానికి దగ్గరపడిన మెత్తని మనిషి. ఆఫీసరు వస్తున్నాడంటే చాలు, సోడా తెప్పించుకొని తాగేవారు. ఆ రోజు రెండు తెప్పించుకున్నారు. "ఏమప్పా, వీళ్లు ఏం మాట్లాడతారో ఏమో! నువ్వే అంతా చూసుకోవాల" అని కాగితం నా చేతికిచ్చారు. నేను ఎస్సెల్సీ క్లాసు టీచర్ని. నా హాజరు రిజిస్టరులో ఒక్క కొట్టివేత ఉండదని ఆయనకు నా మీద మహా నమ్మకం.

నేను విజృంభించాను. ముందు అన్ని క్లాసుల్లోనూ 'మా పాఠశాల' మీద వ్యాసం రాయించాను. ఎలా రాయాలో బోర్డు మీద నేనే రాసిచ్చాను. 'మా పాఠశాల చుట్టును అందమైన పూలతోట గలదు' అని మొదలు. మా బడి చుట్టూ ఉన్నది తంగేడు పొదలు. అందరూ పూలతోటే రాశారు. ఆ అమ్మాయి ఒక్కతే రాయలేదు. వెనక కొట్టం గురించి, అవ్వ తెడ్డు గురించి, తడబడితే మళ్లీ మొదటి నుంచి చదవడం గురించి రెండు పేజీలు రాసింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ కట్టలో వ్యాసమనదగినది అదొక్కటే. నేను దాని మీద ఎర్రసిరాతో 'విషయము విడిచి వ్రాసినావు' అని రాసి పక్కన పెట్టేశాను.

తర్వాత తల్లిదండ్రుల్ని ఏరాను. ఊళ్లో పది మంది, చొక్కా తొడుక్కునే వాళ్లు, సభలో నిలబడగలిగిన వాళ్లు. ఒక్కొక్కరికి ఒక చీటీ. క్రమశిక్షణ ఒకరికి, ఉత్తీర్ణతా శాతం ఇంకొకరికి, ఉపాధ్యాయుల అంకితభావం మరొకరికి. కొండల నడుమ పల్లెకు నేను కబురే పెట్టలేదు.

ఇక మిగిలింది కొట్టం. దాన్ని గ్రంథాలయం చేయాలని నాకు తోచింది. హిందూపురం పోయి సున్నమూ, కుంచెలూ, ఒక రేకు బోర్డూ తెచ్చాను. ఆఫీసరు రావడానికి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం వేళ వెళ్లి అవ్వతో మాట్లాడాను.

"అవ్వా, ఆఫీసరు వస్తున్నాడు. నాలుగు రోజులు పిల్లల్ని తీసుకొని ఊరికి పోండి. ఈడ సున్నం కొట్టించాలి."

"కొట్టించుకోండి అయివారూ. మేము అంతవరకూ వసారాలో ఓ వారగా ఉంటాము."

"వసారా కూడా శుభ్రంగా ఉండాలవ్వా."

అవ్వ తెడ్డు కింద పెట్టి నా ముఖం చూసింది. "మేము మురికి చేస్తాండామా?"

ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. "సార్, శుక్రవారం లెక్కల పరీక్ష ఉండాది గదా" అంది.

"నువ్వు వచ్చినాక పెడతాలే."

"సరే, బడి మీది, పొమ్మంటే పోతాము" అంది అవ్వ. "మల్లా రమ్మని ఎవురు చెప్తారు అయివారూ?"

"నేనే వస్తా. ఆఫీసరు పోయిన మర్నాడే సైకిలు మీద వచ్చి పిలుచుకొస్తా."

"పొమ్మన్నోళ్లే రమ్మనల్ల. మీరు వచ్చి పిలిస్తే వస్తాము. తగుదునమ్మా అని నా అంతట నేను రాలేను. వస్తారు గదా?"

"వస్తానంటి గదవ్వా."

వాళ్లు కుండలు మూట కట్టుకున్నారు. పోయే ముందు అవ్వ పొయ్యి ఉన్నచోట పేడతో అలికింది. మూడు రాళ్లనూ కడిగి మూలన ఒకదాని మీద ఒకటి పెట్టింది. అవి నేను గోడ అవతల పారేయించాను. డ్రిల్లు మాస్టరు అదంతా చూస్తూ ఉన్నాడు. మా బడిలో నాకు కాస్త చనువున్న మనిషి. "నాలుగు దినాలకు అంత దూరం తరమల్నా? పాపం గదబ్బా" అన్నాడు.

"ఇది బడా, సత్రమా?" అన్నాను. సత్రం అరుగు మీద చదువుకొని పైకొచ్చినవాణ్ణి, ఆ మాట అన్నాను.

మరునాడు హాజరు పిలిచేటప్పుడు ఆ అమ్మాయి పేరు వచ్చింది. బదులు లేదు. నేనే పంపించానని గుర్తుంది. అయినా ఎర్రసిరాతో గైర్హాజరు గుర్తు పెట్టాను. రిజిస్టరులో అబద్ధం రాయకూడదు కదా! ఆ రోజుల్లో అది నిజాయితీ అనే అనుకున్నాను.

ఆఫీసరు పెనుకొండ నుంచి జీపులో వచ్చాడు. పల్చటి మనిషి, తక్కువ మాట్లాడేవాడు. రికార్డులు గబగబా తిరగేసి, నా రిజిస్టరు దగ్గర ఆగి బాగుందన్నాడు. తర్వాత వసారాలో సభ. ముందు ఎనిమిదో క్లాసు అబ్బాయి ఒకడు లేచి పూలతోట వ్యాసం చదివాడు. "ఏదీ బాబూ ఆ పూలతోట?" అని అడిగాడు ఆఫీసరు. వాడు నా వైపు చూశాడు. అందరూ నవ్వారు. "సరే, ఈ బడిలో నీకు నిజంగా ఇష్టమైందేది?"

"వెనక కొట్టం సార్. ఆడ అవ్వ ఉంటాది. కుండ అడుగు గీకి మాకు పెడతాది."

మళ్లీ నవ్వులు. ఈసారి ఆఫీసరు నవ్వలేదు. నేను తొందరపడి ఊళ్లో పెద్ద రైతును లేపాను. ఆయనకు క్రమశిక్షణ చీటీ ఇచ్చి ఉన్నాను. ఆయన 'ఈ పాఠశాల యందు' దాకా వచ్చి ఆగిపోయాడు. చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సామీ, అయివారు రాసిచ్చింది నా నోట్లో తిరగడం లేదు. నాకు తెలిసింది చెప్తా. మా వాడు రెండేండ్లు తప్పినాడు. ఇంట్లో పుస్తకం పట్టమంటే గొడ్ల దగ్గరికి పోయేటోడు. ఇప్పుడు రోజూ ఆ అవ్వకాడికి పోయి గొంతెత్తి చదువుతాండాడు. వాడు తప్పు చదివితే ఆయమ్మ కుండ కొడతాదంట. నాకు ఈ బడిలో నచ్చింది అదే."

నేను చీటీ ఇవ్వని ఒక తల్లి వెనక నుంచి లేచింది. ఊళ్లో చిన్న అంగడి పెట్టుకున్నామె. "నా బిడ్డను హైస్కూలుకు పంపద్దన్నారు సార్ మా ఇంట్లో. అందురూ మొగ అయివార్లే, ఎట్ల పంపేది అన్నారు. బడి వెనకాల ఒక ఆడమనిషి ఉండాది గదా, నా బిడ్డకు కడుపులో నొచ్చినా కన్నీళ్లొచ్చినా ఆయమ్మ ఒళ్లోకి పోతాది గదా అని నేను పంపినా. ఆ అవ్వ లేకుంటే ఈ బడితో నాకు పనే లేదు."

ఆమె కూర్చోగానే ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. నా చీటీలన్నీ జేబుల్లోనే ఉండిపోయాయి. ఎవరూ శాతం ఎత్తలేదు. మా అంకితభావం ఎవరికీ గుర్తు రాలేదు. ఆఫీసరు లేచి, "పదండి, ఆ కొట్టం చూద్దాం" అన్నాడు.

వెనక్కి వెళ్లాం. తెల్లటి గోడలు, పైన 'గ్రంథాలయము' అని బోర్డు, లోపల ఒక బెంచీ, దాని మీద ముప్పయ్యో నలభయ్యో పుస్తకాలు. సున్నం ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆఫీసరు నాలుగు మూలలా చూశాడు. "ఏదీ, ఆ అవ్వ ఎక్కడ?"

నేనే నోరు తెరిచాను. "పంట పనులున్నాయని పిల్లల్ని తీసుకొని ఊరికి వెళ్లిందండి. నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది."

హెడ్మాస్టరు గారు నా వైపు చూసి, కళ్లు దించుకున్నారు. డ్రిల్లు మాస్టరు గోడ అవతలికి, ఆ రాళ్లు పడిన వైపు చూశాడు. ఆఫీసరు నమ్మాడు. "మంచి ఏర్పాటు. ఎవరు చేశారు ఇదంతా?" అని అడిగాడు. హెడ్మాస్టరు గారు భయంతో అన్నారో, నన్ను కాపాడాలని అన్నారో, "మా లెక్కల మాస్టరే అన్నీ చూసుకుంటాడండి" అన్నారు. నేను వినయంగా తల వంచాను. కాదనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నా నోట రాలేదు.

ఆఫీసరు అప్పుడే పుస్తకం తెప్పించుకొని రాసింది మీరు తెచ్చిన ఆ పేజీ. మాకు శాశ్వత గుర్తింపు వచ్చింది కూడా ఆ పేజీ వల్లనే.

మరునాడు నేను సైకిలు ఎక్కాల్సింది. ఎక్కలేదు. ఆ రోజు బడిలో మిఠాయిలు పంచారు. ఆ మరునాడు ధర్మవరం నుంచి ఉత్తరం వచ్చింది. ఆఫీసరు నా సంగతి చెప్పాడట. ఇంకో రెండు వారాలకు అక్కడ ఉపాధ్యాయుల సభ, దూరపు పిల్లల కోసం మీరు చేసిన ఏర్పాటు మీద మాట్లాడండి అని. ఇక నాకు ఉపన్యాసం రాసుకోవడం సరిపోయింది. రోజూ హాజరు పిలవడం, ఆ పేరు దగ్గర ఎర్రసిరా ముంచడం, సాయంత్రం కూర్చుని అదే అమ్మాయి చదువుకునే వసతి మీద ఉపన్యాసం దిద్దుకోవడం. నమ్మండి, ఈ రెండింటికీ సంబంధం ఉందని అప్పుడు నాకు తట్టనే లేదు. తట్టనివ్వలేదు అంటే సరిగ్గా ఉంటుంది.

ధర్మవరంలో అరగంట మాట్లాడాను. అవ్వను 'ఒక వృద్ధురాలి సహాయముతో' అని ఒక్క ముక్కలో తేల్చేశాను. "ఇప్పుడు ఎంతమంది ఉన్నారు అక్కడ?" అని ఎవరో అడిగారు. "ఆరుగురు" అన్నాను. చప్పట్లు కొట్టారు. మా నాయన మగ్గం ఆపుకొని వచ్చి వెనక నిలబడి విన్నాడు. ఇంటికి వచ్చాక, "పెనుకొండలో నువ్వు పడిన తిప్పలు మర్సిపోలేదు నాయనా నువ్వు. అది చాలు నాకు" అని పంచె అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ మరుసటి ఆదివారం సైకిలు తీశాను. ఆఫీసరు వచ్చిపోయి అప్పటికి మూడు వారాలు కావస్తోంది.

పల్లెలో అవ్వ చెనక్కాయలు వలుస్తూ కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. "దినామూ దావ చూస్తాంటి అయివారూ. ఆఫీసరు ఇంగా పోలేదేమో అనుకుంటి" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అలా అనుకుంది. ఆ అమ్మాయి పక్కనే వలుస్తోంది. ఒడిలో కాయలు, మోకాలి మీద నా దగ్గర తీసుకున్న లెక్కల పుస్తకం.

మరునాడు పొద్దునకల్లా వచ్చారు. ఆరుగురు పోయారు, నలుగురు వచ్చారు. ఇద్దరు మగపిల్లల్ని ఈలోగా వాళ్ల నాయనలు గొర్రెల వెంట పంపేశారు. గ్రంథాలయం బోర్డు కింద అవ్వ మళ్లీ మూడు రాళ్లు పెట్టుకుంది. గోడ అవతల వెతికి ఆ పాత రాళ్లే ఏరుకొచ్చింది.

మాఘమాసంలో ఎస్సెల్సీ పిల్లల హాజరు రోజులు లెక్కకట్టాం. ఆ అమ్మాయికి తొమ్మిది రోజులు తక్కువ. పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ మూడు వారాలు లేకపోతే ఆ పిల్లకు రోజులు మిగిలేవి. నెలవారీ లెక్కలు అప్పటికే పైకి పోయాయి కాబట్టి రిజిస్టరు దిద్దే వీలు లేదు. ఉన్నది ఒకటే దారి. మినహాయింపు కోరుతూ ఒక కాగితం పెట్టాలి. అందులో 'కారణము' అని ఒక గడి. అది క్లాసు టీచరు నింపాలి.

హెడ్మాస్టరు గారు ఆ అమ్మాయిని పిలిపించారు. "జరం వచ్చిందని రాద్దామా పాపా?"

"నాకు జరం రాలేదు సార్. బడి పొమ్మంటే పోయినాము. అదే రాయండి సార్."

హెడ్మాస్టరు గారు "అదే నిజం. అదే రాయప్పా" అని కాగితం నా ముందుకు జరిపి, ఏదో పనిమీద బయటికి వెళ్లారు.

ఇక్కడ కొంచెం ఆగుతాను. ఎందుకంటే మిగిలినవన్నీ మర్యాద మరిచి చేసినవో, పేరుకు ఆశపడి చేసినవో. ఈ ఒక్కటి మాత్రం తెలిసి చేసింది. ఆ కాగితం పోయేది ఆ ఆఫీసరు దగ్గరికే. 'బడి వారే పంపించినారు' అని రాస్తే, ఆ రోజు కొట్టంలో నేను చెప్పింది అబద్ధమని ఆయనకు తెలిసిపోతుంది. పుస్తకంలో నా పేరు పక్కన ఉన్న మాటలు ఏమవుతాయి? ధర్మవరం సభ ఏమవుతుంది? మా నాయన ఏమనుకుంటాడు? పావుగంట కలం పట్టుకొని కూర్చున్నాను. 'ఇంటి యందు పంట పనుల వలన' అని రాశాను. కనికరించి ఇచ్చేస్తారులే అని నాకు నేను చెప్పుకున్నాను. నా చేతిరాత చూసి హెడ్మాస్టరు గారు చదవకుండానే సంతకం పెట్టారు.

పదిహేను రోజులకు కాగితం తిరిగి వచ్చింది. ఇంటి పనులు తగిన కారణం కావు, మినహాయింపు లేదు అని ఒక్క వాక్యం. హెడ్మాస్టరు గారు అప్పుడు చదివారు నేను రాసింది. "ఏమప్పా ఇది?" అన్నారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆయన నన్ను ఏమప్పా అని పిలవలేదు. మాస్టారూ అనేవారు. ఆ అమ్మాయిని పిలిచి కాగితం చేతికిచ్చారు. ఆ పిల్ల నిలబడే చదివింది, రెండుసార్లు. ఏడవలేదు. కాగితం మడతలు సరిచేసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

వాళ్లు కొట్టం ఖాళీ చేసి వెళ్లిపోయిన రోజు శనివారం. ఒంటిపూట బడి అయింది. అవ్వ పొయ్యి అలికి, రాళ్లు మూలన పెట్టి, నేరుగా నా దగ్గరికి వచ్చింది. కొంగు మూటలో చెనక్కాయలు.

"పాప కోసరం మీరు పైకి కాగితాలు రాసినారంట గదా అయివారూ. శానా తిప్పలు పడినారు. రాత లేదు దానికి, మీరేం చేస్తారు" అని ఆ కాయలు నా బల్ల మీద పోసింది. నేను రెండు చేతులతో వాటిని దగ్గరికి తీసుకున్నాను.

అవ్వ కుండల మూట ఎత్తుకొని మగపిల్లల్ని వెంటబెట్టుకొని ముందు నడిచింది. ఆ అమ్మాయి వెనక ఆగింది. ఎస్సెల్సీ లెక్కల పుస్తకం నాదే, తిరిగి ఇచ్చింది. "అవ్వకు నేను చెప్పలేదు సార్" అంది. "మీరు మంచోరనుకొనే పోనీలెండి." అంతే. గబగబా నడిచి అవ్వను అందుకుంది.

మరుసటి ఏడాది వాళ్లు రాలేదు. ఆ పల్లె నుంచి వేరే పిల్లలూ రాలేదు. ఈసారి కూడా పిలిస్తే వచ్చేవాళ్లేమో. నేను పిలవలేదు. ఏ ముఖం పెట్టుకొని పిలవను? వేసవిలో కావాలని బదిలీ చేయించుకొని పోయాను. కొట్టం నిజంగానే గ్రంథాలయం అయిందట. పెద్ద రైతు కొడుకు ఆ ఏడే పాసయ్యాడు. అంగడి తల్లి బిడ్డను బడి మాన్పించిందని డ్రిల్లు మాస్టరు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరంలో ఆయన రాసింది ఆ ఒక్క సంగతే.

తర్వాత ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పాను. నాలుగు బడులు మారాను. ఎక్కడికి పోయినా మొదటి వారంలో తల్లిదండ్రుల్ని అడిగేవాణ్ణి, ఈ బడిలో మీకేం కావాలి అని. చీటీలు మాత్రం ఎవరికీ రాసివ్వలేదు. దాని వల్ల ఆ అమ్మాయికి ఒరిగిందేమీ లేదని నాకు తెలుసు.

ఆ పేజీని మీరు అచ్చు వేయబోతున్నారు. వేయండి, వద్దనను. దాని పక్కనే ఇది కూడా వేయండి. నా పేరు ఉన్న చోట కొట్టేసి అవ్వ పేరు రాయమని అడగాలని ఇది మొదలుపెట్టాను. ఆ అమ్మాయి పేరు నాకు బాగా గుర్తు. ఎర్రసిరాతో అన్ని రోజులు దాని ఎదురుగా గుర్తు పెట్టినవాణ్ణి. అవ్వ పేరు గుర్తు చేసుకుందామని నాలుగు రోజులుగా కూర్చున్నాను. గుర్తు రావడానికి అది నాకు తెలిస్తే కదా. ఆమె సంగటి కుండ ఎన్నిసార్లు మోగితే మా బడికి గుర్తింపు వచ్చిందో గానీ, నీ పేరేమవ్వా అని నేను ఒక్కనాడూ అడగలేదు. రొద్దం వైపు నుంచి వచ్చే పిల్లలు ఇప్పుడెవరైనా మీ బడిలో ఉంటే, వాళ్ల ఇళ్లలో కాస్త అడిగి చూడండి.